కిటికీలో పాలకూర

వద్దమ్మా, ఈ కుర్చీ వద్దని చెబుతూనే ఉన్నాను. నాది నాలుగో నంబరు. ఏడాదిన్నరగా అదే కుర్చీ, అదే డయాలసిస్ మెషిను. సరిగ్గా ఇవాళే అది పాడైపోవాలా? పాడైతే పాడైంది, బాగయ్యేదాకా బయట బల్ల మీద కూర్చుంటానన్నానా లేదా? నువ్వు వింటేనా సిస్టరమ్మా! చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఈ మూడో దాంట్లో కూర్చోబెట్టేశావు. రెండు సూదులూ గుచ్చేశావు. ఇప్పుడింక లేద్దామన్నా లేవడానికి లేదు.

ఇది టీచరమ్మ కుర్చీ కదా తల్లీ.

తెలుసు తెలుసు, కుర్చీలు ఎవరి సొత్తూ కావు, ఆసుపత్రివి. సరే. కానీ ఇదిగో, ఇక్కడ చెయ్యి ఆనించే చోట రెక్సిన్ చిరిగితే ప్లాస్టరు అంటించింది ఆవిడే. ఇప్పుడు ఆ ప్లాస్టరు మీద నా మోచెయ్యి ఉంది. కింద అరలో ఆవిడ నీలం గళ్ళ దుప్పటి శనివారం మడతపెట్టింది మడతపెట్టినట్టే ఉంది. నాకు ఒళ్ళు జలదరిస్తోంది. ఏసీ తగ్గించకు, చలి కాదు. భయం.

బీపీ ఎంతుంది? అంతా? ఉండదూ మరి!

మాట్లాడకూడదా? మాట్లాడితే ఇంకా పెరుగుతుందా? పొద్దున్నుంచీ నోరు మూసుకునే ఉన్నానమ్మా, చూడు ఎంతకెక్కిందో. కాసేపు ఇక్కడే ఉండు. ఒకటో నంబరాయన గురక పెడుతున్నాడు, ఐదులో అమ్మాయి చెవుల్లో వైర్లు పెట్టుకుంది, ఎవరికీ నీతో పని లేదు. ఆ కాగితాలేవో ఇక్కడే కూర్చుని రాసుకో. వినకపోయినా ఫరవాలేదు. మనిషి పక్కనుంటే చాలు నాకు.

ఆవిడ ఎలా ఉందో అది చెప్పు ముందు. ఇందాక అడిగితే చెయ్యి పైకెత్తి చూపించావు. అలా చూపిస్తే నేనేమనుకోవాలి? నా ప్రాణాలు అక్కడికక్కడే పోయాయి. మూడో అంతస్తు, ఐసీయూ అని నోటితో చెప్పొచ్చు కదా!

నిన్న సాయంత్రం తీసుకొచ్చారా? పడిపోయిందా? పొటాషియమా? ఎంత ఉందిట?

అయ్యో. అయ్యో అయ్యో.

ఆ అంకె అంటే ఏమిటో నాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదమ్మా. ముప్పై రెండేళ్ళు కాంపౌండరుగా చేశాను నేను. మందుల గదిలో త్రాసు ముందు నిలబడి పొడులు తూచి పొట్లాలు కట్టాను. ఒక్కటంటే ఒక్క పొట్లం తూకం తప్పిందని ఎవరూ అనలేదు. పొటాషియం అంత ఎక్కితే నొప్పి ఉండదు, కేక ఉండదు. కాళ్ళు బరువెక్కుతాయి, గుండె దారి తప్పుతుంది, అంతే. అందుకే కదా గోడ మీద ఆ పటం పెట్టారు, అరటిపండుకీ ఆకుకూరకీ ఎర్రగీతలు కొట్టి. వచ్చినప్పుడల్లా మేం ఆరుగురం దాన్నే చూస్తూ కూర్చుంటాం.

ఏదో తినేసి ఉంటుందంటున్నారా? ఎవరు, డాక్టరు గారా? ఏం తిందో తెలిసిందా వాళ్ళకి?

తెలియలేదా.

ఉఁ.

కాదు, ఊరికే అడిగాను.

పొద్దున నన్ను బరువు చూసే మెషిను మీద నిలబెట్టి మా అమ్మాయి చీటీ తేవడానికి వెళ్ళింది. అప్పుడు చూశాను, లిఫ్టు పక్కన టీచరమ్మ కొడుకూ కోడలూ. కొడుకు గొంతు తగ్గించే మాట్లాడుతున్నాడు. ఆ తగ్గించిన గొంతు కంటే అరిచినా బాగుండేది. "ఏం పెట్టావు? నిజం చెప్పు. మా అమ్మకి ఏం పెట్టావు?" అని. ఆ పిల్లేమో గోడకి అతుక్కుపోయి, "రోజూ పెట్టేదే పెట్టానండీ, ఉడకబెట్టి నీళ్ళు వంచేసే పెట్టాను" అంటోంది. "మరి ఇది గాల్లోంచి వచ్చిందా?" అన్నాడు.

ఆ పిల్ల తలెత్తి నన్ను చూసింది. అదోలా చూసింది. నేనేం చేశాననుకున్నావు? నా బరువెంతుందో చదువుకుంటున్నట్టు తల వంచేసుకున్నాను. యాభై ఎనిమిది కిలోల నాలుగు వందల గ్రాములు. నాలుగుసార్లు చదువుకున్నాను.

ఏమీ లేదమ్మా. ఎందుకు చెబుతున్నానంటే... ఊరికే చెబుతున్నాను.

నా కిటికీ సంగతి నీకు తెలుసు కదా? నేను టీచరమ్మకి చెబుతుంటే నువ్వు ఈ పైపులు సర్దుతూ నవ్వుకునేదానివి, చూశాన్లే. మాది చిన్న ఫ్లాటు. వంటింట్లో నేనుంటే మా అమ్మాయి గడప అవతల నిలబడి కూర తరుగుతుంది. అందులో ఉన్నది ఒకే కిటికీ, నా రెండు చేతులూ చాపితే అటూ ఇటూ తగులుతాయి. ఎదురుగా ఇంకో బిల్డింగు గోడ. పదింటికి ఎండ వస్తుంది, పన్నెండున్నరకి పోతుంది. మొదట మట్టి కుండీలే పెట్టాను. కింద ఇంటావిడ బట్టల మీద బురదనీళ్ళు కారాయని పైకొచ్చి దులిపేసి వెళ్ళింది. తీసేశాను.

తర్వాత నీళ్ళలో పెంచొచ్చన్న ఆలోచన ఎక్కడొచ్చిందో తెలుసా? ఇక్కడే. నాలుగేసి గంటలు కదలకుండా కూర్చుని నేనేం చూస్తాను? మెషిను కింద ఆ రెండు డబ్బాలు చూస్తాను. ఒకదాని మీద ఎ, ఇంకోదాని మీద బి. రెండూ దేనికది నీళ్ళలో కలవాలి, చిక్కగా ఉన్నప్పుడు ఒకదాంట్లో ఒకటి పోస్తే తెల్లగా గడ్డ కట్టేస్తాయని నువ్వే చెప్పావు. ఆ నీళ్ళలో ఉప్పెంతుందో తెర మీద అంకె కనిపిస్తుంటుంది. సరే, ఓ రోజు మా అమ్మాయి ఫోన్లో ఎవరో నీళ్ళలో మొక్కలు పెంచడం చూపించింది. మట్టి లేదు. పైపుకి రంధ్రాలు, రంధ్రాల్లో చిన్న చిన్న జల్లెడ గిన్నెలు, కింద బకెట్టు, నీళ్ళు తిప్పడానికి చేపలతొట్టి మోటారు. ఎరువేమో రెండు పొట్లాలు. ఎ, బి! విడివిడిగా కలపాలిట! నీళ్ళలో ముంచి ఉప్పు చూసుకోడానికి పెన్నంత మీటరు! నేను పడీపడీ నవ్వాను. "ఇది మన డయాలసిసే కదే, మొక్కలక్కూడా మొదలెట్టారన్నమాట" అన్నాను. అది నవ్వలేదు. కానీ వారం తిరక్కుండా సామానంతా కొని తెచ్చింది.

ఎంత బాగా వచ్చాయనుకున్నావు! తెల్లటి వేళ్ళు, సన్నగా, దువ్విన జుట్టులాగ. మొదట్లో కుళ్ళుకున్నాను కూడా వాటిని చూసి. నాకేమో రోజుకి లీటరు నీళ్ళు, అదీ మా అమ్మాయి గ్లాసు మీద గీత పెట్టి పోస్తుంది. వాటికేమో పగలూ రాత్రీ నీళ్ళలోనే కాపురం. తర్వాత్తర్వాత అలవాటైపోయింది. పొద్దున్నే లేచి మీటరు ముంచడం, తగ్గితే ఇంత ఎ, ఇంత బి వెయ్యడం, బకెట్టులోకి వెలుగు పోకుండా నల్లగుడ్డ కప్పడం. పనున్న మనిషినయ్యాను మళ్ళీ.

తినేవాళ్ళే లేరు. నేను తినకూడదు. మా అమ్మాయికి ఆకంటేనే పడదు. ఎదురు ఫ్లాటువాళ్ళకి ఇస్తే రెండుసార్లు తీసుకున్నారు, మూడోసారి తలుపే తియ్యలేదు. "నువ్వు తినవు, నేను తినను, ఎవరి కోసం నాన్నా ఇదంతా?" అందోసారి. తప్పుగా ఏం అనలేదు. కానీ నాకు చివుక్కుమంది.

ఆ మాటే ఇక్కడికొచ్చి టీచరమ్మతో అన్నాను.

ఆవిడ ఇలా నా వైపు తిరిగి, "కాంపౌండరు గారూ, పచ్చి ఆకు నమిలి రెండేళ్ళయిందండీ నేను" అంది. "మా కోడలు ఉడకబెడుతుంది, వంచేస్తుంది, మళ్ళీ ఉడకబెడుతుంది, మళ్ళీ వంచేస్తుంది. పాపం దాని తప్పేం లేదు, పొటాషియం నీళ్ళతో పోవాలని పటంలో చెప్పినట్టే చేస్తుంది. నా పళ్ళెంలోకొచ్చేసరికి మాత్రం అది పాలకూర కాదండీ, తడిగుడ్డ" అంది. నువ్వు కూడా నవ్వావు ఆ రోజు. గుర్తుందా? "కరకరా నమలాలని ఉంది, ఒక్కసారి" అంది. పెద్దావిడ, పిల్లలకి లెక్కలు చెప్పి చెవులు మెలిపెట్టిన మనిషి, అంత చిన్న కోరిక అంత సిగ్గుపడి చెప్పింది.

అక్కడే నేను నోరు మూసుకోవాల్సింది.

ఊరుకుంటానా? కాంపౌండర్ని కదా! "అదెంత పని టీచరమ్మా! నీళ్ళలో ఉన్నదే కదా ఆకులోకి ఎక్కేది? ఆ పొటాషియమేదో నీళ్ళలో వెయ్యకపోతే సరి. మీ కోసం వేరే పైపు పెడతాను" అనేశాను.

అది అబద్ధం కాదు సిస్టరమ్మా. నీ మీదొట్టు, అది నిజమే. మనలాంటి వాళ్ళ కోసం అలా పెంచేవాళ్ళు ఉన్నారు. పొటాషియం ఉండేది బి పొట్లంలో, అది మానేసి దాని బదులు వేరే ఉప్పులు నేనే తూచి కలిపాను. రిటైరయ్యాక మళ్ళీ త్రాసు పట్టుకున్నాను. చెయ్యి వణకలేదు, తెలుసా! పైపు కలిసిపోకుండా ఎర్రదారం కట్టాను. ఆరు రంధ్రాలు, ఆరు పాలకూర మొక్కలు. బకెట్టు కూడా వేరే.

టీచరమ్మ ఊరికే నమ్మే మనిషి కాదు. మందుల చీటీ వెనక పెన్నుతో లెక్క వేసింది. "మామూలు ఆకులో ఉండేదాంట్లో ఎంత ఉంటుంది మీ ఆకులో? సగమా? మూడో వంతా?" అని నిలదీసింది. "పావు" అన్నాను. "ఖచ్చితంగా?" అంది. "పావు వంతు కంటే రవ్వ కూడా ఎక్కువుండదు" అన్నాను. అయితే రోజుకి ఇన్ని గ్రాములు తినొచ్చు అని లెక్కకట్టి, కింద రెండు గీతలు గీసింది. "లెక్క సరిపోయిందండీ" అంది.

ఆవిడ లెక్కలో తప్పేమీ లేదు.

ఆరు వారాలు ఎదురుచూసింది. మంగళ, గురు, శని, వచ్చి కూర్చోగానే అదే ప్రశ్న, "నా పిల్లలెలా ఉన్నారండీ?" అని. మొన్న శనివారం తెచ్చిచ్చాను. సంచి నిండా. నువ్వు ఆరో నంబరు దగ్గరున్నావు, చూడలేదు. సంచి విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ఆ మొహం చూస్తే...

ఆదివారం ఫోన్ చేసింది. గదిలో తలుపేసుకుని తింటోందిట, మనవరాలు వచ్చి వాటా అడుగుతుందని. చెవి దగ్గర కరకరమని చప్పుడు వినిపించింది నాకు. "సగం అయిపోయిందండీ కాంపౌండరు గారూ, మరీ దెయ్యంలా తింటున్నానా?" అని నవ్వింది. నేనూ నవ్వాను.

అంతే. అదీ సంగతి. ఇంకేం లేదు.

అలా చూడకు తల్లీ. ఆవిడ కోసం వేరేగా పెంచినవే అవి. ఎర్రదారం పైపులోవే. నీ మీద ఒట్టు కూడా వేశాను కదా. అవి వేరే, మామూలువి వేరే. అందువల్ల వాటి వల్ల అయి ఉండదు. ఇంకేదో అయ్యుంటుంది. ఏ పండో, ఏ...

ఏమిటా మోత? ఏమైంది? మెషిను ఎందుకు అరుస్తోంది? సిస్టరమ్మా! ఆగిపోయిందా? నాకేమైనా అవుతోందా?

సూదులున్న చెయ్యి ముడిచానా? నేనా? అవును, పిడికిలి బిగించేశాను. చూసుకోలేదు. ఇదిగో, చాపాను. చాపి ఉంచాను. హమ్మయ్య. ఆగింది.

వెళ్ళకు.

వెళ్ళకు, కూర్చో. అబద్ధం చెప్పాను నీకు. కాదు, చెప్పిందంతా నిజమే, కొంచెం మింగేశాను. అది కూడా చెప్పేస్తాను, కూర్చో.

నాలుగు వారాలు బాగానే పెరిగాయి. ఐదో వారం ఆకుల అంచులు మాడడం మొదలైంది. తుప్పురంగు వచ్చింది. ఆకు ముడుచుకుపోయింది. పొటాషియం లేకపోతే అంతే, మొక్కకీ అది కావాలి. పక్క పైపులో మామూలు ఎరువు వేసినవి నిగనిగలాడుతున్నాయి, ఇవేమో రోగిష్టి పిల్లల్లాగ తలలు వేలాడేశాయి. ఇక్కడ ఆవిడ "నా పిల్లలెలా ఉన్నారు?" అంటుంది. "దివ్యంగా ఉన్నారు" అంటాను. ఇంటికెళ్ళి కిటికీ దగ్గర నిలబడితే ఏడుపొచ్చేది.

అలాంటివి ఎలా ఇవ్వనమ్మా? ఇంతోటి కాంపౌండరు గారు చేసింది ఇదా అనుకోదూ? అనుకునేది కాదేమో. ఆ మాడినవే సంబరంగా తినేదేమో. అవే తిని ఉంటే ఇవాళ ఈ కుర్చీలో ఆవిడే ఉండేది, నేను పక్కన కూర్చుని వేళాకోళం చేస్తూ ఉండేవాణ్ణి.

ఓ రోజు పొద్దున్నే బి పొట్లం విప్పాను. ఒక్క చెంచా అనుకున్నాను. ఒక్క చెంచా ఏం చేస్తుంది? రెండ్రోజులకి లేత ఆకు పచ్చగా లేచింది. ప్రాణం లేచొచ్చింది నాకు. ఇంకో చెంచా వేశాను. అప్పుడాగాలా? ఆగలేదు. చివరి వారమైతే చెంచా కూడా పట్టుకోలేదు. పొట్లం వంచేసి పోశాను, నేను, తూకం తప్పని మనిషిని! ఆకలితో మాడి ఉన్నాయేమో, ఎంత పోస్తే అంతా తాగేశాయి. అరచేతులంత ఆకులు వచ్చాయి. ఇంక పావు ఏమిటి, సగం ఏమిటి! బజారులో దొరికే పాలకూరలో ఉండేదానికంటే ఎక్కువే ఉండి ఉంటుంది వాటిలో.

శనివారం చెబుదామనే అనుకున్నాను. వచ్చేటప్పుడు కారులో మాటలు కూడా పేర్చుకున్నాను, "టీచరమ్మా, చూసుకోండి, ముచ్చటకి మాత్రమే, ఉడకబెట్టే తినండి" అని. ఆవిడ సంచిలో ముక్కు పెట్టేసరికి ఆ మాటలన్నీ మింగేశాను. మంగళవారం దాకా డయాలసిస్ లేదు, మధ్యలో రెండు రోజుల ఖాళీ అని కూడా తెలుసు నాకు. రెండాకులు తిని పక్కన పెడుతుందిలే అనుకున్నాను. అలా అనుకుంటే నాకు హాయిగా ఉంది, అందుకని అలాగే అనుకున్నాను.

ఇంకోటి చెప్పనా? ఇది చెప్పాక నువ్వు నా మొహం చూడవేమో.

ఆదివారం ఫోన్లో ఆవిడ "మీరూ తింటున్నారా?" అని అడిగింది. "ఆఁ, తింటున్నానండీ, నా పళ్ళెంలోనూ ఉన్నాయి" అన్నాను. నా ముందు పళ్ళెమే లేదు. ఆ పైపులో ఆకు ఒక్కటంటే ఒక్కటి నేను నోట్లో పెట్టలేదమ్మా. రుచైనా చూడలేదు. పొద్దున్నుంచీ నా బుర్రలో తిరుగుతున్నది అదే. తెలియక జరిగిందంటే నువ్వు నమ్ముతావు, ఆ కొడుకు కూడా నమ్ముతాడేమో. కానీ తెలియనివాడైతే తనూ తినేవాడు కదా?

ఆ కరకర చప్పుడు వింటూ "ఆపండి" అనలేకపోయాను.

ఏమవుతుందిప్పుడు నాకు? పోలీసులకి చెబుతారా? మా అమ్మాయికి తెలిస్తే? కోప్పడితే పడతాను, కానీ అది కోప్పడదు, మాట్లాడకుండా ఆ పైపులన్నీ విప్పేస్తుంది. ఇక్కడ నన్ను తీసేస్తారా? రావద్దంటారా? రావద్దంటే నేను వారం కూడా బతకను సిస్టరమ్మా, నీకు తెలుసు. చూశావా, ఆవిడ పైన అలా పడి ఉంటే, నేను నా ప్రాణం గురించి అడుగుతున్నాను. సిగ్గు కూడా వెయ్యడం లేదు. భయం తప్ప ఇంకేదీ లోపలికి రావడం లేదు నాకు.

పైకి ఫోన్ చేస్తావా? చెయ్యి, చెయ్యి. పచ్చి పాలకూర అని చెప్పు, సంచెడు అని చెప్పు. ఆదివారం నుంచీ తింటోందని చెప్పు. నా పేరు... నా పేరు కూడా చెప్పు. ఇంకా ఏమైనా మిగిలి ఉంటే ఫ్రిజ్‌లోంచి తీసి పారెయ్యమను.

ఆగు.

ఎవరది తలుపు దగ్గర? ఆ పిల్లే. టీచరమ్మ కోడలు. ఇటే వస్తోంది. ఎందుకొస్తోంది? నువ్వు పిలిచావా? పిలవలేదా? సిస్టరమ్మా, నా చెయ్యి పట్టుకో, సూది లేని చెయ్యి.

ఏం కావాలమ్మా? దుప్పటా? ఇక్కడే ఉంది, కింద అరలో. ఆ దుప్పటి ఎందుకమ్మా ఇప్పుడు? ఆవిడ సామాను తీసుకెళ్ళిపోతున్నావా? తీసుకెళ్ళిపోవడమంటే... ఏమైంది? చెప్పు తల్లీ, ఏమైంది?

చలేస్తోందందా? ఆవిడే అందా, నోటితో? మాట్లాడిందా?

అబ్బ. అబ్బబ్బ. ఉండు, నన్ను కాస్త ఊపిరి పీల్చుకోనీ.

వెళ్ళకు. ఆ దుప్పటి ఇస్తాను, వెళ్దువుగాని. నీకో మాట చెప్పాలి. పొద్దున లిఫ్టు దగ్గర మీ ఆయన నిన్ను నిలదీస్తుంటే విన్నాను. విని కూడా ఊరుకున్నాను. నీ తప్పేం లేదమ్మా ఇందులో. మీ అత్తగారు తిన్నది నా ఆకు. పాలకూర. నేను మా కిటికీలో పెంచింది. తినొచ్చని నేనే చెప్పాను. తినకూడదని తెలిసి ఇచ్చాను.

ఏమిటీ? మెల్లిగా చెప్పు, ఏడవకు, అర్థం కావడం లేదు.

నీకు తెలుసా?

ఆదివారమే చూశావా? లెక్క వేసిన చీటీ నీకు చూపించిందా? "కాంపౌండరు గారు తూచి మరీ పెంచారే" అందా? నువ్వూ నమ్మావా... నిన్న పొద్దున నువ్వే కడిగి పళ్ళెంలో పెట్టావా? ఎంత? మిగిలినదంతానా? "ఉడకబెట్టనా అత్తయ్యా" అంటే వద్దందా?

అది చెప్పలేక, రోజూ పెట్టేదే పెట్టానన్నావా మీ ఆయనతో. డాక్టరు గారికి కూడా అదే చెప్పావా?

నన్ను అలా చూశావు అందుకేనన్నమాట పొద్దున. నేనే ముందు చెబుతానేమో అని చూశావు. నేనేమో తల వంచుకున్నాను.

నువ్వు ఎందుకు చెప్పలేదో నాకు అర్థం కాకపోవడమేమిటి తల్లీ! నేనూ అందుకే చెప్పలేదు.

ఆ చీటీ ఉందా నీ దగ్గర? పారెయ్యలేదు కదా? అందులో "పావు" అని రాసి ఉంటుంది చూడు, మీ అత్తగారి చేతిరాతలో. అది నేను చెప్పిన అంకె. డాక్టరు గారికి చూపించు అది. నిన్న పొద్దున ఎంత పెట్టావో, ఎన్నింటికి పెట్టావో కూడా చెప్పు, ఇంకేం మింగకు. నువ్వు పెట్టింది నా మాట నమ్మి పెట్టావు. అదే చెప్పు.

మీ ఆయనకి నువ్వు చెప్పలేవు. నాకు తెలుసు. నేను చెబుతాను. ఎక్కడున్నాడు? కింద మందుల దగ్గరా? పిలుచుకురా. కొడతాడా? కొట్టనీ. ఇంకా రెండు గంటల పది నిమిషాలుంది నాకు, లేచి పారిపోవడానికి కూడా లేదు.

సిస్టరమ్మా, నువ్వు పైకి ఫోన్ చెయ్యి, కానీ ఇక్కడ నిలబడే చెయ్యి.

నువ్వు వెళ్ళమ్మా. ముందు ఆ దుప్పటి పైన ఇచ్చి, అటునుంచి అటే వెళ్ళి మీ ఆయన్ని తీసుకురా. తొందరగా తీసుకురా. ఆలస్యమైతే నాకు మళ్ళీ భయమేస్తుంది. భయమేస్తే మాట మార్చేస్తాను. నా సంగతి నాకు తెలుసు.